బరువు తగ్గే ఆపరేషన్: చేయించుకునేవారూ వారికి వండి పెట్టేవారూ తెలుసుకోవాల్సిన జాగ్రత్తలు

బేరియాట్రిక్ సర్జరీ అనగానే ఇంటిల్లిపాది భయమూ ఆపరేషన్ థియేటర్ చుట్టూనే తిరుగుతుంది. మత్తు తట్టుకుంటారా, కోత ఎంత పెద్దది, కుట్లు ఊడతాయా అని అడుగుతారు. అనుభవమున్న బృందం చేతిలో ఆ గంట రెండు గంటలు చాలావరకు సురక్షితంగానే గడిచిపోతాయి. 2009లో వెలువడిన ఒక పెద్ద అమెరికా అధ్యయనంలో, తొలిసారి ఈ ఆపరేషన్ చేయించుకున్న 4,776 మందిలో 30 రోజుల్లోపు చనిపోయినవారు 0.3 శాతం. దీన్ని తేలిగ్గా తీసుకోమని నేను అనను. కానీ జనం అస్సలు భయపడని చోట్ల ఇంకా పెద్ద ప్రమాదాలు పొంచి ఉన్నాయి. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న నొప్పి బిళ్ల, వాంతులైతే వీధి చివర ఎక్కించుకున్న గ్లూకోజ్ బాటిల్, మే నెలలో తాగలేకపోయిన నీళ్లు, కార్తీక సోమవారం ఉపవాసం వంటివన్నీ ఆ కోవలోకే వస్తాయి. ఇవేవీ సర్జన్ కళ్ల ముందు జరగవు.

ముందు ఏ ఆపరేషనో తెలుసుకోండి

పొట్ట దగ్గరి కొవ్వును గొట్టంతో లాగేసే లైపోసక్షన్ వేరు, ఇది వేరు. లైపోసక్షన్ ఒంటి ఆకృతి కోసం చేసేది. దానితో ఆకలి తగ్గదు, షుగర్ అదుపులోకి రాదు.

బరువు తగ్గించే ఆపరేషన్లలో మన దగ్గర ఎక్కువగా వినిపించేవి స్లీవ్, బైపాస్, బైపాస్‌లోనే ఒక రకమైన మినీ బైపాస్. స్లీవ్‌లో జీర్ణాశయాన్ని నిలువుగా కోసి సుమారు 75 నుంచి 80 శాతం తీసేస్తారు, అరటిపండు ఆకారంలో సన్నటి గొట్టం మిగులుతుంది. తీసేసిన భాగాన్ని మళ్లీ పెట్టలేరు. బైపాస్‌లో పైభాగాన సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచి చేసి దానికి చిన్నపేగును కలుపుతారు. మిగతా జీర్ణాశయం లోపలే ఉండిపోతుంది గానీ ఆహారం అటు పోదు. మామూలు ఎండోస్కోపీ గొట్టం కూడా అక్కడికి చేరడం కష్టం.

ఇప్పటికే ఛాతీలో మంట, పుల్లటి తేన్పులతో బాధపడేవారు స్లీవ్‌కు ఒప్పుకునే ముందు ఆ సంగతి తప్పక చెప్పాలి. స్లీవ్ తర్వాత ఆ మంట పెరగవచ్చు. అలాంటివారికి చాలామంది సర్జన్లు బైపాస్‌నే సూచిస్తారు. పక్కింటివారికి స్లీవ్ చేశారు కాబట్టి మాకూ అదే చేయండి అని అడగడం నా దృష్టిలో మొదటి తప్పు.

బీమా లెక్క వేరు, డాక్టర్ లెక్క వేరు

2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు మార్గదర్శకాలు మార్చాయి. ఆసియా వాసులకు బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువు ఎంత ఉందో చెప్పే అంకె) 27.5 నుంచే ఈ చికిత్స గురించి ఆలోచించవచ్చని చెప్పాయి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రామాణిక నిబంధన మాత్రం పాత అంకెల మీదే నడుస్తోంది. వయసు 18 నిండి, బీఎంఐ 40 ఉండాలి. లేదంటే 35 ఉండి దానితోపాటు గుండె జబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడటం), అదుపు తప్పిన షుగర్ వంటివి ఉండాలి, అంతకుముందు ఇతర మార్గాలు ప్రయత్నించి ఉండాలి. 160 సెంటీమీటర్ల ఎత్తు, 90 కిలోల బరువు ఉంటే బీఎంఐ దాదాపు 35. డాక్టర్ సరే అన్నంత మాత్రాన కంపెనీ సరే అనదు. తేదీ ఖరారు చేసుకునే ముందే రాతపూర్వక అనుమతి తెచ్చుకోండి. బరువు తగ్గాక వేలాడే చర్మానికి చేయించుకునే ప్లాస్టిక్ సర్జరీకి సాధారణంగా బీమా వర్తించదు.

ఆపరేషన్‌కు ముందు రెండు వారాలు

‘ఇక ఎలాగూ తినలేం కదా’ అని చివరి వారమంతా బిర్యానీలు, బంధువుల ఇళ్లలో విందులు పెట్టుకుంటారు. అర్థం చేసుకోదగిన కోరికే గానీ ప్రమాదకరం. స్థూలకాయుల్లో కొవ్వు పట్టి ఉబ్బిన కాలేయం సరిగ్గా జీర్ణాశయం మీదికి వాలి ఉంటుంది. సర్జన్ దాన్ని పైకెత్తి పట్టుకుని కింద పని చేయాలి. రెండు వారాల పాటు పిండి పదార్థాలు తగ్గించి ప్రోటీన్ ఎక్కువగా ఉండే పథ్యం పెట్టేది ఆ కాలేయం కుంచించుకుపోవడానికే.

షుగర్ ఉన్నవారు ఇక్కడ మరీ జాగ్రత్తగా ఉండాలి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి బిళ్లలను ఆపరేషన్‌కు కనీసం మూడు రోజుల ముందు ఆపాలి. పథ్యంలో ఉండగా ఇవి వేసుకుంటే, మిషన్‌లో షుగర్ మామూలుగా కనిపిస్తూనే రక్తం ఆమ్లంగా మారే ప్రమాదం ఉంది. పథ్యం మొదలుపెట్టే రోజే మీ బిళ్లల పట్టీలన్నీ డాక్టర్ ముందు పెట్టండి. షుగర్‌కో బరువు తగ్గడానికో సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ ఇంజెక్షన్లు వాడుతుంటే మత్తు డాక్టర్‌కు చెప్పి తీరాలి. వాటివల్ల ఆహారం కడుపులో ఎక్కువసేపు నిలిచిపోతుంది, పరగడుపున వచ్చినా కడుపు ఖాళీగా ఉండకపోవచ్చు. గర్భనిరోధక మాత్రలు వేసుకునే మహిళలు కూడా ఆ విషయం దాచకూడదు, వాటిలోని ఈస్ట్రోజెన్ రక్తం గడ్డకట్టే ముప్పును పెంచుతుంది.

సిగరెట్, బీడీ కనీసం ఆరు వారాల ముందు మానాలి, తర్వాత మళ్లీ ముట్టుకోకూడదు. గట్టిగా గురక పెట్టేవారు నిద్ర పరీక్ష చేయించుకోవాలి. బి12, విటమిన్ డి, ఐరన్ ముందే చూపించుకోవడం మంచిది. శాకాహారుల్లో చాలామందికి బి12 అప్పటికే తక్కువగా ఉంటుంది.

మొదటి నెల: నాడి, నీళ్లు, నడక

కుట్ల దగ్గర లీకు అరుదైనదే గానీ, ఇంటికి వచ్చాక కూడా రావచ్చు. కడుపునొప్పి, జ్వరం కంటే ముందే నాడి వేగం దాన్ని బయటపెట్టవచ్చు. ఇంట్లో బీపీ మిషన్ ఉంటే, పై అంకె, కింది అంకె తర్వాత కనిపించే మూడో అంకె నాడిదే. మామూలుగా ఎవరూ దాన్ని పట్టించుకోరు. కదలకుండా పడుకున్నా అది 120 దాటుతుంటే, ఎడమ భుజం లాగుతుంటే, ఆయాసం వస్తుంటే తెల్లారేదాకా ఆగకండి, ఆపరేషన్ చేసిన ఆసుపత్రికే వెళ్లండి.

ఆపరేషన్ తర్వాత మళ్లీ చేరేవారిలో చాలామందికి ఒంట్లో నీరు తగ్గిపోవడమే కారణం. గ్లాసెత్తి గటగటా తాగే పని ఇక కుదరదు. గుక్క గుక్కగా రోజంతా తాగితేనే లీటరున్నర అవుతుంది. వడగాలులు వీచే ఏప్రిల్, మే నెలల్లో విజయవాడలోనో రామగుండంలోనో ఉండేవారికి ఇది మరీ కష్టం. తేదీ మీ చేతిలో ఉంటే ఎండలు తగ్గాక పెట్టుకోమనే నా సలహా. తప్పనిసరైతే పలచటి మజ్జిగ, చప్పటి గంజి తేట, నీళ్లు మార్చి మార్చి చెంచాతో ఇస్తూ ఉండాలి. మూత్రం ముదురు పసుపు రంగులోకి మారితే నీళ్లు చాలడం లేదని అర్థం.

కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఆపరేషన్ రోజు సాయంత్రం నుంచే నడిపిస్తారు. పాపం, నొప్పిగా ఉంది, పడుకోనివ్వండి అని అడ్డుపడకండి. అమెరికా నుంచి సెలవు మీద వచ్చి హైదరాబాద్‌లో చేయించుకుని వెంటనే విమానమెక్కేవారు, ఎప్పుడు ప్రయాణించవచ్చో సర్జన్‌ను అడిగి, ఆ తర్వాతే టికెట్ తీసుకోవాలి. అక్కడికి వెళ్లాక రక్త పరీక్షలు ఎవరు చూస్తారో కూడా ముందే మాట్లాడుకోవాలి.

వాంతులూ గ్లూకోజ్ బాటిలూ

ఈ వ్యాసంలో ఒక్క భాగమే గుర్తుంచుకోగలిగితే ఇదే గుర్తుంచుకోండి. మన శరీరంలో థయామిన్, అంటే బి1 విటమిన్ నిల్వలు రెండు మూడు వారాలకు మించి రావు. తెల్లగా పాలిష్ పట్టిన బియ్యం తినే మన దగ్గర ఆ నిల్వలు మొదటే అంతంతమాత్రం. ఆపరేషన్ తర్వాత తిండి తగ్గి, పైగా వాంతులు పట్టుకుంటే అవి అడుగంటిపోతాయి. అప్పుడు ‘నీరసంగా ఉంది, ఒక సెలైన్ పెట్టించుకో’ అని ఎవరో చెబుతారు. ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తే గ్లూకోజ్ ఎక్కిస్తారు. ఆ గ్లూకోజ్‌ను ఖర్చు చేయడానికి శరీరానికి థయామిన్ కావాలి. ఉన్న కొద్దిపాటిదీ అక్కడే అయిపోయి మెదడు దెబ్బతినవచ్చు. వస్తువులు రెండుగా కనిపించడం, నడక తూలడం, అయోమయం దానికి గుర్తులు. ఆలస్యమైతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోవచ్చు.

కాబట్టి ఒక రోజంతా ఏదీ కడుపులో నిలవకపోతే సర్జన్‌కు ఫోన్ చేయాలి. ఎక్కడ సెలైన్ పెట్టినా, ముందు థయామిన్ ఇంజెక్షన్ ఇచ్చాకే గ్లూకోజ్ ఎక్కించమని నోరు తెరిచి అడగాలి. ‘డాక్టర్‌కు తెలియదా’ అని మొహమాటపడే సమయం కాదది.

బిళ్లలన్నీ మునుపటిలా పనిచేయవు

బైపాస్ తర్వాత బరువు తగ్గకముందే, కొద్ది రోజుల్లోనే షుగర్ తగ్గడం మొదలవుతుంది. పాత మోతాదులోనే ఇన్సులిన్ తీసుకుంటే షుగర్ పడిపోయి స్పృహ తప్పవచ్చు. బీపీ బిళ్లలకూ అంతే. నెమ్మదిగా కరిగేలా తయారుచేసిన బిళ్లలు సరిగా ఒంటబట్టకపోవచ్చు.

నొప్పి బిళ్లల విషయంలో మరీ కచ్చితంగా ఉండాలి. మోకాళ్ల నొప్పులకు వోవెరాన్ (డైక్లోఫెనాక్), బ్రూఫెన్, కాంబిఫ్లామ్ వేసుకోవడం ఎన్నో ఇళ్లలో అలవాటు. బైపాస్ చేసినచోట ఇవి పుండు పుట్టించవచ్చు, అది రక్తం కారేదాకా, చిల్లు పడేదాకా వెళ్లవచ్చు. పారాసిటమాల్ వాడుకోవచ్చు. గుండె కోసం ఆస్పిరిన్ వేసుకునేవారు సొంతంగా మానకుండా గుండె డాక్టర్‌నూ సర్జన్‌నూ అడగాలి.

విటమిన్లు జీవితాంతం వేసుకోవాలి. కాల్షియం, ఐరన్ ఒకేసారి మింగితే ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి, మధ్యలో రెండు గంటలు ఆగాలి. ఐరన్ బిళ్లను టీతో వేసుకోకూడదు. థైరాయిడ్ బిళ్లకు ఈ రెండింటికీ నాలుగు గంటల ఎడం ఉండాలి.

వంటింట్లో

రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రోటీన్ కావాలి. కంచంలో అన్నం ముందు పెడితే పొట్ట దానితోనే నిండిపోతుంది. గుడ్డు, చేప, పనీర్, గట్టి పప్పు ముందు తినిపించి, చోటు మిగిలితేనే అన్నం పెట్టాలి. అన్నం మధ్యలో నీళ్లు వద్దు, తిన్నాక అరగంట ఆగాలి. ‘ఇంకో ముద్ద తిను, చిక్కిపోయావు’ అనే అమ్మమ్మల ప్రేమ ఇక్కడ వాంతిగా మారుతుంది. వాళ్లను నొప్పించకుండా ముందే కూర్చోబెట్టి విడమరచి చెప్పండి.

తీపి తిన్న కాసేపటికి గుండెదడ, చెమటలు, విరేచనాలు రావచ్చు. మరికొందరికి రెండు మూడు గంటల తర్వాత షుగర్ పడిపోతుంది. ఉపవాసాలు, రంజాన్ రోజాలు కనీసం మొదటి ఏడాది వద్దు. మూడో నెల దాటాక జుట్టు గుప్పెళ్లుగా ఊడవచ్చు. చాలామందికి అది మళ్లీ వస్తుంది, ప్రోటీన్, ఐరన్ సరిపోతున్నాయో లేదో మాత్రం చూసుకోవాలి.

ఏడాది దాటాక

వేగంగా బరువు తగ్గేటప్పుడు పిత్తాశయంలో రాళ్లు ఏర్పడతాయి. అందుకే ఆరు నెలలు అర్సోడియాక్సీకోలిక్ ఆమ్లం రాస్తారు, మధ్యలో ఆపకండి. మద్యం మునుపటికంటే వేగంగా రక్తంలోకి చేరుతుంది. రెండో ఏడాది నుంచి మద్యం సమస్యలు పెరగడాన్ని 2012లో ఒక అమెరికా అధ్యయనం గమనించింది. మనసు కుంగుబాటు కూడా కొందరిలో ఈ దశలోనే బయటపడుతుంది. బరువు తగ్గారు కదా, ఇంకేం బాధ అని కొట్టిపారేయకుండా సైకియాట్రిస్టుకు చూపించాలి.

పీసీఓడీ వల్ల పిల్లలు పుట్టరనుకున్న మహిళలకు బరువు తగ్గగానే గర్భం నిలిచే అవకాశం పెరుగుతుంది. 12 నుంచి 18 నెలలు ఆగమంటారు. బైపాస్ తర్వాత గర్భనిరోధక మాత్రలను పూర్తిగా నమ్ముకోలేం, మరో పద్ధతి అడగాలి. గర్భిణులకు మామూలుగా 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్లు తాగించి చేసే పరీక్ష వీళ్లకు పడకపోవచ్చు. ఆపరేషన్ సంగతి చెబితే ఇంట్లో వేలికొన మీద షుగర్ చూసుకునే పద్ధతి రాస్తారు.

బైపాస్ అయిన ఏడాదికో, ఐదేళ్లకో కడుపులో మెలిపెట్టే నొప్పి వస్తే అది గ్యాస్ కాకపోవచ్చు. లోపలి సందుల్లో పేగు ఇరుక్కునే ప్రమాదం ఉంది. దాన్ని సీటీ స్కాన్‌లో చూడాలి, కొన్నిసార్లు స్కాన్ బాగున్నా సర్జన్ లోపల కెమెరాతో చూడాల్సి వస్తుంది.

ఇలాంటి వేళ ఎదురుగా ఉండేది మీ ఆపరేషన్ గురించి ఏమీ తెలియని డ్యూటీ డాక్టర్. అందుకని ఒక కాగితం మీద ఆపరేషన్ పేరు, తేదీ, సర్జన్ ఫోన్ నంబరు, ‘నొప్పికి డైక్లోఫెనాక్ వద్దు’, ‘గ్లూకోజ్‌కు ముందు థయామిన్’, ‘సర్జన్‌ను అడగకుండా ముక్కులోంచి గొట్టం వేయవద్దు’ అని రాసి పర్సులో పెట్టుకోండి. దాని ఫొటో ఇంట్లో మరో ఇద్దరి ఫోన్లలో కూడా ఉండాలి.