సొంత ప్రొఫైల్‌తోనే బ్లాగుకు పాఠకులు: నెల్లూరు, ఒంగోలు వైపు రాసేవాళ్ల కోసం

రొయ్యల సాగు గురించి రాసేవాళ్లు, ఒంగోలు గిత్తల వంశాలు కూర్చేవాళ్లు, పెన్నా ఒడ్డు ఊళ్ల చరిత్ర తవ్వేవాళ్లు మన రెండు జిల్లాల్లో తక్కువేం లేరు. బ్లాగు తెరిచిన మొదటి వారంలో అందరూ చేసే పని ఒకటే. దాని పేరుతో ఒక ఫేస్‌బుక్ పేజీ, దానికో లోగో, అందులో చుట్టాల లైకులు నలభై. ఆ పేజీని కొన్నాళ్లు పక్కన పెట్టండి. కొత్త పేజీని డబ్బు పెట్టకుండా ఫేస్‌బుక్ పెద్దగా ఎవరికీ చూపించదు. మీ పేరు, మీ మొహం ఉన్న ప్రొఫైల్‌లో మాత్రం బడిలో కలిసి చదివినవాళ్లు, బంధువులు, మేత కొట్టు దగ్గర పరిచయమైనవాళ్లు ముందే ఉన్నారు. విడవలూరులో చెరువు చేసే రైతు ఎవరిదో తెలియని లోగోను చూసి లింకు నొక్కడు. ఎరిగిన మనిషి పెట్టాడంటే నొక్కుతాడు.

ముందు లింకు సంగతి

పంచే ముందే సరిచేయాల్సింది వ్యాసం చిరునామా. శీర్షిక తెలుగులోనే ఉంటుంది కాబట్టి వర్డ్‌ప్రెస్ చిరునామాను కూడా తెలుగులోనే తయారుచేస్తుంది. బ్రౌజర్ పైన చక్కగా కనపడుతుంది, కాపీ చేసి వాట్సాప్‌లో అతికిస్తేనే అసలు రూపం బయటపడుతుంది. ఒక్కో తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు విడివిడిగా తొమ్మిదేసి అక్షరాల కోడ్‌గా మారిపోతాయి. ‘నెల్లూరు’ అనే ఒక్క మాటలో అలాంటివి 8 ఉన్నాయి, అంటే 72 అక్షరాల గజిబిజి. శీర్షికలో ఆరు మాటలుంటే లింకు అరచేతి పొడవవుతుంది. వాట్సాప్‌లో వచ్చే ఏపీకే (యాప్) ఫైళ్ల మోసాలతో జనం అసలే బెదిరిపోయి ఉన్నారు, అలాంటి లింకు జోలికి ఎవరూ పోరు.

బ్లాగర్‌ది ఇంకో తంటా. శీర్షిక మొత్తం తెలుగులో ఉంటే చిరునామా చివర ‘బ్లాగ్ పోస్ట్’ అనే రెండు ఇంగ్లిష్ మాటలు, ఒక అంకె పెట్టేసి ఊరుకుంటుంది. దేని గురించి రాశారో చిరునామాలో ఆనవాలే ఉండదు. రెండింటికీ మందు ఒకటే: ప్రచురించే ముందు పర్మాలింకు (వ్యాసం చిరునామా) పెట్టెలో ఇంగ్లిష్ అక్షరాల్లో మూడు నాలుగు చిన్న మాటలు మీరే రాయండి. బ్లాగర్‌లో ప్రచురించాక మార్చాలంటే పోస్టును మళ్లీ డ్రాఫ్టులోకి తేవాలి, అప్పటికే పంచిన పాత లింకులు చచ్చిపోతాయి. లింకును కుదించే సేవల జోలికి వెళ్లకండి. అవి మీ బ్లాగు పేరునే దాచేస్తాయి, ఎక్కడికి తీసుకుపోతుందో తెలియని లింకు అవుతుంది.

తర్వాత లింకుతో పాటు వచ్చే బొమ్మ. 1200 × 630 పిక్సెల్స్ కొలతలో, 300 కేబీ లోపు ఉంచండి. ముఖ్యమైన వస్తువు నడిమధ్యలో ఉండాలి, ఎందుకంటే వాట్సాప్ ఒక్కోసారి దాన్ని చిన్న చదరంగా కత్తిరించి చూపిస్తుంది. బొమ్మ మీద అక్షరాలు వేస్తే నాలుగైదు మాటలకు మించొద్దు, చిన్న సైజులో ఒత్తులన్నీ కలిసిపోయి మరకల్లా కనిపిస్తాయి. బొమ్మ మార్చినా ఫేస్‌బుక్‌లో పాతదే వస్తుంటే మీ తప్పు కాదు, అది పాత కాపీని దాచుకుంటుంది. ఫేస్‌బుక్ వాళ్లదే ‘షేరింగ్ డీబగ్గర్’ పేజీలో లింకు అతికించి ‘స్క్రేప్ అగైన్’ నొక్కితే కొత్తది తీసుకుంటుంది. బ్లాగర్ వాడేవాళ్లు సెట్టింగుల్లో ‘సెర్చ్ డిస్క్రిప్షన్’ ఆన్ చేసి, ప్రతి పోస్టుకూ అదేం చెబుతుందో రెండు వాక్యాలు రాయండి.

ప్రొఫైల్ తలుపులు ఎంతవరకు తీయాలి

బాగా రాసిన పోస్టు కూడా ఊరు దాటకపోవడానికి మామూలు కారణం ఆడియన్స్ ‘ఫ్రెండ్స్’ మీద ఉండిపోవడం. అలా ఉంటే మీ స్నేహితుడు షేర్ చేసినా, మీ ఇద్దరికీ తెలిసినవాళ్లకు తప్ప కనపడదు. వ్యాసం పంచే పోస్టుకు మాత్రం భూగోళం గుర్తున్న ‘పబ్లిక్’ ఎంచుకోండి. ఈ ఎంపికను ఫేస్‌బుక్ గుర్తుపెట్టుకుంటుంది. ఆ తర్వాత పాప పుట్టినరోజు ఫొటో పెట్టేటప్పుడు చూసుకోకపోతే అదీ లోకమంతటికీ వెళ్తుంది. పాత పోస్టులన్నీ వెతికి మార్చే ఓపిక లేకపోతే ‘లిమిట్ పాస్ట్ పోస్ట్స్’ అనే ఒక్క మీటతో అన్నీ స్నేహితుల వరకే పరిమితమవుతాయి. స్నేహితుల జాబితాను ‘ఓన్లీ మీ’లో పెట్టండి. మీ ఫొటోతో దొంగ ప్రొఫైల్ తెరిచి డబ్బులడిగేవాళ్లకు మొదట కావాల్సింది ఆ జాబితానే.

స్నేహితుల పరిమితి 5000. ముక్కూ మొహం తెలియని రిక్వెస్టులన్నీ ఒప్పుకుంటే ఆ గది నిండిపోతుంది, నిజంగా చదివేవాడు వచ్చేసరికి చోటుండదు. తెలియనివాళ్లు ఫాలో అయ్యేలా ‘ఫాలోయర్స్ అండ్ పబ్లిక్ కంటెంట్’లో పబ్లిక్ అని పెడితే చాలు. పరిచయ వాక్యానికి 101 అక్షరాలే ఇస్తారు. ‘రొయ్యల సాగు మీద వారానికో వ్యాసం, ఇందుకూరుపేట నుంచి’ అని రాస్తే సరిపోతుంది, దాని కిందే బ్లాగు లింకు. ప్రొఫైల్ పేరునే బ్లాగు పేరుగా మార్చేయకండి, ప్రొఫైల్‌కు మనిషి పేరే ఉండాలన్నది వాళ్ల నియమం. సర్కారు కొలువు చేసేవాళ్లు, ముఖ్యంగా టీచర్లు, ప్రవర్తనా నియమావళి ఒకసారి తిరగేసి మరీ తలుపు తీయడం మేలు.

ఏం రాయాలి

‘కొత్త పోస్టు రాశాను, చదివి అభిప్రాయం చెప్పగలరు’ అనే వాక్యం కింద లింకు. నూటికి తొంభై మంది చేసేది ఇదే. చూసినవాడికి అందులో దొరికేదేం లేదు, పైగా మీకో పని చేసిపెట్టమన్నట్టు ఉంటుంది. దాని బదులు వ్యాసంలో బాగా పనికొచ్చే ముక్కొకటి అక్కడే పూర్తిగా ఇచ్చేయండి. మబ్బు రోజున ఏరేటర్లు (చెరువు నీళ్లకు గాలి ఎక్కించే యంత్రాలు) ఎప్పుడు వేయాలన్న వ్యాసానికైతే ఇలా:

“పొద్దున్నుంచి మబ్బు. ఇట్టాంటి రోజు ఏరేటర్లు అర్ధరాత్రి దాకా ఆపుకుంటే కరెంటు మిగలచ్చు, రొయ్య మిగలదు. ఎండ లేకపోతే నీళ్లలో ఉండే సన్న నాచు, అదే ప్లాంక్టన్, పగలు ఆక్సిజన్ సరిగ్గా తయారు చేయదు. రాత్రయితే అది కూడా రొయ్యతో పాటు ఆక్సిజన్ పీల్చుకుంటది. అందుకే తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ అడుగంటుతుంది. మీటరు లేకపోతే రొయ్యను చూసి ఎట్టా కనిపెట్టాలో, ఏ ఏరేటరు ముందు వేయాలో వివరంగా రాశాను.”

దీంట్లో చూడాల్సింది మొదటి వాక్యం. ఫేస్‌బుక్ పొడుగు రాతను కొన్ని వరుసల తర్వాత ‘సీ మోర్’ దగ్గర తెగ్గొడుతుంది, కాబట్టి ఆ రోజు చదివేవాడి బుర్రలో ఉన్న మాట అక్కడే పడాలి. మధ్యలో కారణం పూర్తిగా ఉంది, లింకు నొక్కనివాడు కూడా ఒక సంగతి తెలుసుకుని పోతాడు. రెండోసారి మీ పేరు కనపడితే ఆగుతాడు. చివర మిగిల్చింది చేతలో కావాల్సిన వివరం, అది లేకపోతే రాత్రికి పని జరగదు. ‘చివర్లో చెప్పింది చూస్తే షాకవుతారు’ లాంటి ఊరింపులు ఒకసారి పనిచేస్తాయి, మన ఊరివాళ్ల దగ్గర రెండోసారి పరువు పోతుంది. వ్యాసమంతా అతికించినా తప్పే, బ్లాగుకు రావడానికి ఇక కారణం ఉండదు.

భాష మీరు మాట్లాడేదే ఉండనివ్వండి. వ్యాసంలో గ్రాంథికం వాడినా ప్రొఫైల్ మీద ‘ఎట్టా’, ‘ఇట్టాంటి’ రాస్తే ఎవరూ తప్పు పట్టరు, పైగా మనోడే అనుకుంటారు.

వాట్సాప్: నిజమైన జనం ఉండేది ఇక్కడే

మన వైపు నలభై దాటినవాళ్లలో చాలామంది ఫేస్‌బుక్ వారానికోసారి తెరుస్తారు, వాట్సాప్ గంటకోసారి. ఇక్కడ నాలుగు దారులున్నాయి, నాలుగూ ఒకేలా పనిచేయవు.

స్టేటస్ 24 గంటలుంటుంది. మీ నంబరు వాళ్ల ఫోన్‌లో, వాళ్ల నంబరు మీ ఫోన్‌లో సేవ్ అయి ఉంటేనే కనపడుతుంది. రెండు స్టేటస్‌లు చాలు: మొదటిది ఒక ఫొటో, దాని మీద ఒక ప్రశ్న, రెండోది లింకు. పన్నెండు ముక్కలు పెడితే చుక్కల వరుస చూసే దాటేస్తారు.

బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందిని చేర్చవచ్చు, ఒక్కొక్కరికీ విడి మెసేజ్‌లాగే చేరుతుంది. కానీ మీ నంబరు సేవ్ చేసుకోనివాళ్లకు అది అసలు పోదు, పోలేదన్న కబురూ మీకు రాదు. అందుకే కలిసినప్పుడే ‘నా నంబరు సేవ్ చేసుకోండి, వారానికో మెసేజ్ పెడతాను, వద్దంటే చెప్పండి’ అని అడిగి చేర్చండి. వారానికి ఒకటి అన్నారంటే ఒకటే. జాబితా నిండాక ఛానల్ గురించి ఆలోచించండి. ఛానల్‌లో చేరేవాళ్ల నంబరు మిగతావాళ్లకు కనపడదు, ఆడవాళ్లు చేరడానికి అదే అనుకూలం. కాకపోతే అది అప్‌డేట్స్ ట్యాబులో ఉంటుంది, అటువైపు రోజూ వెళ్లేవాళ్లు తక్కువ.

అన్నిటికంటే బలమైంది ఒక్కరికే రాసే మెసేజ్. ఆ వ్యాసం ఎవరికి నిజంగా కావాలో అలాంటి పదిమందికి, పేరుపేరునా: “అన్నా, మొన్న మేత కొట్టు కాడ అడిగారు కదా, మబ్బు రోజు ఏరేటర్ల సంగతి. రాశాను, చూడండి. మీ చెరువులో వేరేగా జరిగుంటే చెప్పండి, మార్చేస్తాను.” ఈ పదిమందిలో ముగ్గురు తమ గ్రూపులో వేస్తారు, మీరు వేసినదానికంటే వాళ్లు వేసినదానికే అక్కడ విలువ. ఒకే ముక్కను వందమందికి కాపీ పేస్టు చేస్తే మాత్రం రిపోర్టులు పడి నంబరే ఆగిపోయే ప్రమాదముంది. ఆ నంబరుతోనే బ్యాంకు పనులూ నడుస్తుంటాయి, గుర్తుంచుకోండి.

ఇంకో చిన్న మెలకువ. లింకు అతికించాక బొమ్మ కనపడేదాకా రెండు మూడు సెకన్లు ఆగి పంపండి. ఆ బొమ్మను తయారుచేసేది పంపేవాడి ఫోనే. సిగ్నల్ సరిగ్గా లేని చెరువు గట్టు మీద తొందరపడి నొక్కితే నీలం గీత ఒక్కటే వెళ్తుంది.

ఇన్‌స్టా, ఎక్స్

గిత్తల బండలాగుడు పోటీల గురించి రాసేవాళ్లకు, వంటల వాళ్లకు ఇన్‌స్టా తప్పదు. ఫొటో కింద రాతలో లింకు పెట్టినా నొక్కితే తెరుచుకోదు. బయోలో (150 అక్షరాలు, ఐదు లింకుల వరకు), లేదా స్టోరీలో లింక్ స్టిక్కరుగా పెట్టాలి. ఎడ్ల జత యజమానిని ట్యాగ్ చేస్తే ఆయన తన స్టోరీలో వేసుకుంటాడు, అదే అక్కడ పెద్ద ప్రచారం. ఎక్స్‌లో ఒక పోస్టుకు ఇచ్చే 280 అక్షరాల్లో గుణింతాలు, పొల్లులు విడివిడిగా లెక్కకొస్తాయి, ‘నెల్లూరు’ మూడు కాదు, ఎనిమిది. లింకు ఎంత పొడవున్నా 23 కిందే లెక్క.

వేళ

‘రాత్రి తొమ్మిదికి పెడితే మంచిది’ లాంటి సూత్రాలు నమ్మకండి, మీ పాఠకుడి రోజు చూడండి. చెరువు రైతు మేత చల్లే వేళ ఫోన్ చూడడు. మధ్యాహ్నం భోంచేశాక చూస్తాడు. మబ్బు రోజు వ్యాసం మబ్బు పట్టిన రోజే, సాయంత్రం నాలుగు లోపు పడాలి, ఆరేళ్ల కిందటి వ్యాసమైనా సరే. అమెరికాలో ఉన్న నెల్లూరోళ్ల కోసమైతే మన ఉదయం ఏడు బాగుంటుంది, తూర్పు తీరంలో అప్పుడు వేసవిలో ముందురోజు రాత్రి తొమ్మిదిన్నర.

పండుగ వ్యాసాలకు లెక్క వేరు. బారాషహీద్ దర్గా రొట్టెల పండుగ మొహర్రంతో ముడిపడింది కనుక ఇంగ్లిష్ క్యాలెండరులో ఏటా పది పదకొండు రోజులు ముందే వస్తుంది. కిందటేడు తేదీ చూసుకుని కూర్చుంటే స్వర్ణాల చెరువు దగ్గర జనం సర్దుకునే వేళకు మీ వ్యాసం బయటికొస్తుంది. రెండు వారాల ముందే మొదలుపెట్టండి. పర్మాలింకులో మీరు రాసే భాగంలో ఏడాది అంకె వేయకండి, అదే వ్యాసాన్ని సరిచేసి ఏటా అదే లింకుతో పంచవచ్చు. బ్లాగర్ తనంతట తాను పెట్టే ఏడాది, నెల మాత్రం తప్పవు.

గ్రూపుల్లో జరిగే పొరపాటు

ఒకే రాత, ఒకే లింకు అరగంటలో ఇరవై ఫేస్‌బుక్ గ్రూపుల్లో వేస్తే అది స్పామ్ కింద పడుతుంది. ఒక్కోసారి మీ బ్లాగు చిరునామానే ఆపేస్తారు, అప్పుడు పాత పోస్టులూ మాయమవుతాయి. రోజుకు రెండు గ్రూపులు, రెండింటికీ మొదటి వాక్యాలు వేరు. లింకు వేసే ముందు ఆ గ్రూపులో వారం పాటు వేరేవాళ్ల ప్రశ్నలకు జవాబులివ్వండి. యాభై మందిని ట్యాగ్ చేసే అలవాటుంటే మానుకోండి, మొహమాటానికి లైకు కొట్టి మెల్లగా అన్‌ఫాలో చేస్తారు.

లెక్క చూసుకోవడం

ఎక్కడి నుంచి వస్తున్నారో తెలియకపోతే ఇదంతా చీకట్లో వల వేసినట్టే. గూగుల్ ‘క్యాంపెయిన్ యూఆర్ఎల్ బిల్డర్’లో ఒకే వ్యాసానికి వేర్వేరు గుర్తులతో మూడు లింకులు చేసుకోండి: ఫేస్‌బుక్‌కు ఒకటి, స్టేటస్‌కు ఒకటి, బ్రాడ్‌కాస్ట్‌కు ఒకటి. సోర్స్ (ఎక్కడి నుంచి వచ్చారో చెప్పే) పేర్లు అన్నీ చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లోనే రాయండి, ఒకసారి పెద్దక్షరం, ఒకసారి చిన్నక్షరం పెడితే పాఠకుల లెక్క చూపే గూగుల్ అనలిటిక్స్ వాటిని రెండుగా లెక్కిస్తుంది. ఈ గుర్తులు పెట్టకపోతే వాట్సాప్ నుంచి వచ్చినవాళ్లు ఎక్కువగా ‘డైరెక్ట్’ కింద పడిపోతారు, ఫేస్‌బుక్ వల్లే జనం వస్తున్నారని పొరబడతారు.

ఒక చిక్కు మిగిలే ఉంటుంది. మీ స్టేటస్‌లోని లింకును ఎవరో కాపీ చేసి కావలి గ్రూపులో వేస్తే, అక్కడి నుంచి వచ్చినవాళ్లూ స్టేటస్ లెక్కలోనే చేరతారు. స్టేటస్ చూసినవాళ్లు నూట ఎనభై అయితే, ఆ లింకుతో మూడొందల మంది వచ్చినట్టు కనపడితే అది తప్పు లెక్క కాదు, ఎవరో ముందుకు పంపారు. ఎవరని బ్రాడ్‌కాస్ట్‌లో ఒక మాట అడిగి, తర్వాతి వ్యాసం వాళ్లకు ముందుగా విడిగా పంపండి.