కొలరాడోలో ఎల్క్ (పెద్ద జాతి జింక) వేటకు వెళ్తున్నారా? నల్ల ఎలుగుతో ఈ జాగ్రత్తలు

సెప్టెంబర్‌లో ఎలుగులు చలికాలం నిద్రకు ముందు తెగ తింటాయి. నెత్తుటి వాసనకు చాలా దూరం నుంచి కూడా వస్తాయి.

• బేర్ స్ప్రే (ఎలుగును తరిమే కారం స్ప్రే) నడుముకే ఉండాలి, బ్యాగులో కాదు. సేఫ్టీ క్లిప్‌ను బొటనవేలితో లాగడం ఇంట్లోనే ప్రాక్టీస్ చేయండి.

• అసలు టెన్షన్ ఎల్క్ పడ్డాకే. చేతుల నిండా నెత్తురు, తల వంచుకుని కోస్తుంటాం, చుట్టూ ధ్యాస ఉండదు. ఒకరు కోస్తుంటే ఇంకొకరు కాపలా కాయాలి. మాంసాన్ని పేగుల కుప్పకు దూరంగా జరపండి. మర్నాడు మిగతాది తెచ్చుకోవడానికి వెళ్తే, ముందు దూరం నుంచే బైనాక్యులర్స్‌తో చూడండి. ఎలుగు దాని మీదుంటే వదిలేయండి.

• తిండి, టూత్‌పేస్ట్ టెంట్‌లో వద్దు.

• ఎదురుపడితే పరుగెత్తొద్దు, చెట్టెక్కొద్దు. గట్టిగా మాట్లాడుతూ మెల్లగా వెనక్కి నడవండి. మీద పడితే మాత్రం చచ్చినట్టు పడుకోకండి, దొరికిన దాంతో ముక్కు మీద కొట్టండి.