రాత్రి బ్రష్, చిగురు అంచు, ఆరేళ్ళ పన్ను

నల్గొండలో పళ్ళ డాక్టరుగా కూర్చున్నాక రోజూ చూసే విడ్డూరం ఒకటుంది. పాచి నోటితో గుక్కెడు మంచినీళ్ళు కూడా ముట్టనివాళ్ళే, రాత్రి పెరుగన్నం తిని అలాగే పడుకుంటారు. అడిగితే "పొద్దున తోముకుంటాం కదా డాక్టరమ్మా" అంటారు. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది. నోట్లో మిగిలిన అన్నం, తీపి తిని సూక్ష్మజీవులు వదిలే ఆమ్లాన్ని విరిచేది ఆ లాలాజలమే. అది తగ్గిన వేళ పన్ను పుచ్చడానికి ఇక అడ్డేముంది? పొద్దున ఎలాగూ తోముకుంటారు, రాత్రిది మాత్రం ఎగ్గొట్టకండి.

సాఫ్ట్ అని రాసున్న, తల చిన్నగా ఉన్న బ్రష్ కొనండి. పిడికిలి బిగించకుండా పెన్ను పట్టుకున్నట్టు పట్టుకుంటే బలం దానంతటదే తగ్గుతుంది. కుచ్చు సగం పన్ను మీద, సగం చిగురు మీద పడేలా ఏటవాలుగా ఆనించండి. కదిలీ కదలనట్టు అక్కడే చిన్నగా ఆడించి, పైపళ్ళయితే కిందికి, కిందిపళ్ళయితే పైకి ఊడ్చండి. రెండు మూడు పళ్ళయ్యాక పక్కకు జరగండి. బయట, లోపల, నమిలే వైపు, అన్నీ కలిపి రెండు నిమిషాలు. పాచి మెత్తటిది, దానికి బలం అక్కర్లేదు, బ్రష్ అందితే చాలు. అది పేరుకునేది చిగురు అంచున. అడ్డంగా బరబరా తోమితే ఆ అంచు అలాగే ఉండిపోయి పన్ను మొదట్లో గాడి పడుతుంది. ఆ తర్వాత ఫ్రిజ్ నీళ్ళు తగిలితే చాలు, జివ్వుమంటుంది.

కింది ముందుపళ్ళ లోపలి వైపు దాదాపు అందరూ వదిలేస్తారు. అక్కడ బ్రష్‌ను నిలువుగా పెట్టాలి. లాలాజలం ఊరే గొట్టాలు నాలుక కింద, సరిగ్గా ఆ పళ్ళ వెనకే తెరుచుకుంటాయి. అందులోని కాల్షియం పాచిలో చేరి ఒకటి రెండు రోజుల్లోనే గట్టిపడటం మొదలవుతుంది. అదే గార. గార కట్టాక ఎంత తోమినా రాదు, క్లీనింగ్ చేయించాల్సిందే. క్లీనింగ్‌తో పళ్ళు కదులుతాయని భయపడతారు గానీ, చిగురునూ ఎముకనూ దెబ్బతీసింది ఆ గారే. తీసేశాక జరిగిన నష్టం బయటపడుతుంది, అంతే.

రక్తం వస్తోందని ఆ చోట తోమడం మానేస్తారు. మానకండి, మెల్లగా తోమండి. రెండు వారాల్లో తగ్గకపోతే చూపించుకోండి, షుగర్ ఉంటే అన్నాళ్ళు కూడా ఆగొద్దు. పళ్ళ సందుల్లోకి బ్రష్ దూరదు, దానికి ఫ్లాస్ దారం ఉంది. పిన్నీసులూ అగ్గిపుల్లలూ దయచేసి వద్దు. కచ్చిక, బొగ్గుపొడి, ఉప్పు పన్ను మీది పింగాణి పొరను గీకేస్తాయి. వేపపుల్ల ముందుపళ్ళకు ఫరవాలేదు, దవడపళ్ళ లోపలికి అందదు. ఇక నాలుకబద్దతో వీధంతా వినపడేలా డోకక్కర్లేదు, రెండుసార్లు మెల్లగా గీస్తే సరిపోతుంది.

మా జిల్లాలో తప్పకుండా వచ్చే ప్రశ్న: "ఫ్లోరైడ్ నీళ్ళతోనే పళ్ళు పాడయ్యాయి, మళ్ళీ ఫ్లోరైడ్ పేస్టా?" ఆ గోధుమరంగు మచ్చలు, చిన్నతనంలో పన్ను ఇంకా చిగురులోపల తయారవుతున్నప్పుడు బోరునీళ్ళతో ఒంట్లోకి వెళ్ళిన ఫ్లోరైడ్ వల్ల వచ్చినవి. తోమితే పోవు. పేస్టులోది పన్ను పైపొరను గట్టిపరుస్తుంది, దాన్ని మనం ఉమ్మేస్తాం. పెద్దవాళ్ళు 1000 పీపీఎం (పదిలక్షల వంతుల్లో వెయ్యి వంతులు) ఫ్లోరైడ్ ఉన్నదే వాడండి. తోమాక నురగ ఉమ్మేసి ఊరుకోండి, చెంబెడు నీళ్ళతో పుక్కిలిస్తే పేస్టు పనిచేయకముందే పోతుంది. పిల్లలు మింగుతారు కాబట్టి కొలత ముఖ్యం: మూడేళ్ళలోపు బియ్యపుగింజంత, ఆరేళ్ళదాకా బఠాణీగింజంత. ఇప్పటికీ బోరునీళ్ళే తాగే ఇంట్లో చిన్నపిల్లలుంటే పేస్టు సంగతి డాక్టరును అడిగి తేల్చుకోండి.

ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా పిల్లలకు పెద్దవాళ్ళే తోమాలి. ఆరేళ్ళప్పుడు పాలపళ్ళన్నిటి వెనక, ఏ పన్నూ ఊడకుండానే, ఒక పెద్ద దవడపన్ను వస్తుంది. ఊడిపోయే పన్నే కదా అని చాలా ఇళ్ళలో దాన్ని పట్టించుకోరు. అది శాశ్వత దంతం. కొత్తగా వస్తున్నప్పుడు పక్క పళ్ళకంటే పొట్టిగా ఉండటంతో మామూలుగా తోమితే బ్రష్ దానికి తగలదు. పిల్లాడి వెనక నిలబడి, తల మీ పొట్టకు ఆనించుకుని, బ్రష్‌ను చెంప వైపు నుంచి అడ్డంగా పోనిచ్చి ఆ ఒక్క పన్నును విడిగా తోమండి.