కర్నూలులో మీ కాలనీకి పార్కు కావాలా? దరఖాస్తు ఇలా చేయండి

"మా వీధికి పార్కు కావాలి" అని ఊరికే రాసిస్తే అర్జీ కదలదు. ఏ సర్వే నంబరులో, ఏ స్థలంలో కావాలో అందులో ఉండాలి. అందుకే ముందు స్థలం సంగతి తేల్చుకోండి. పని మొత్తంలో ముఖ్యమైనది ఇదే.

మీది అనుమతి ఉన్న లేఅవుటైతే స్థలం కాగితం మీద ఇప్పటికే ఉంటుంది. 2017 నాటి రాష్ట్ర లేఅవుట్ నిబంధనల ప్రకారం కనీసం 10 శాతం స్థలాన్ని ఓపెన్ స్పేస్‌గా వదిలి స్థానిక సంస్థకు అప్పగించాలి. కానీ అక్కడికి వెళ్లి చూస్తే కంపచెట్లు, ఎవరో పోసుకున్న కంకర కుప్ప, అడ్డంగా ఆపిన ట్రాక్టరు కనబడతాయి. పట్టించుకోకపోతే అక్కడ గోడ లేవడానికి ఎక్కువ కాలం పట్టదు.

నగరపాలక సంస్థ టౌన్ ప్లానింగ్ విభాగంలో లేఅవుట్ ప్లాను, గిఫ్ట్ డీడ్ (ఆ ఖాళీ స్థలాన్ని అప్పగిస్తూ రాసిచ్చిన దానపత్రం) నకళ్లు అడగండి. నోటిమాటగా ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. ఫీజు 10 రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి.

కాగితాలు చేతికొచ్చాక కమిషనర్ పేరిట అర్జీ రాయండి. సర్వే నంబరు, విస్తీర్ణం, హద్దులు, ఫొటోలు, కాలనీ వాళ్ల సంతకాలు జతచేయండి. ఆడవాళ్ల సంతకాలు, పెద్దవాళ్ల సంతకాలు తప్పకుండా పెట్టించండి, పార్కు లేక ఎక్కువ ఇబ్బంది పడేది వాళ్లే. వార్డు సచివాలయంలో గానీ, సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో గానీ ఇచ్చి, రసీదు నంబరు తీసుకోండి. రసీదు లేకుండా ఇంటికి రావద్దు.

ఆ స్థలాన్ని వేరే పనికి ఇచ్చేస్తున్నారని తెలిస్తే, 1991 నాటి సుప్రీంకోర్టు తీర్పును అర్జీలో ప్రస్తావించండి. బెంగళూరులో పార్కుకని ఉంచిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోంకు కేటాయించడం చెల్లదని కోర్టు అప్పుడు చెప్పింది.

వన్‌టౌన్ లాంటి పాత పేటల్లో ఇరుకు సందులే తప్ప ఖాళీ స్థలం దొరకడం కష్టం. నా దృష్టిలో పార్కు అవసరం ఎక్కువున్నదీ అక్కడే. అలాంటి చోట దగ్గర్లోని మున్సిపల్ స్కూలు మైదానాన్ని సాయంత్రాలు, సెలవు రోజుల్లో తెరిచి ఉంచాలని, లైట్లు వేయాలని, వీల్‌చైర్ వెళ్లేలా ర్యాంపు కట్టాలని అడగండి.

నిధులు లేవని జవాబొస్తే అక్కడితో వదిలేయకండి. ముందు కంపచెట్లు కొట్టించి, కంచె వేసి, నగరపాలక సంస్థ స్థలమని బోర్డు పెట్టాలని మరో అర్జీ ఇవ్వండి. దానికి పెద్ద ఖర్చు కాదు, స్థలం మాత్రం నిలుస్తుంది.