‘డెత్ ఆన్ ద నైల్’ చిత్రాన్ని డిటెక్టివ్‌తో పోటీపడి చూడడం ఎలా?

అగాథా క్రిస్టీ 1937 నాటి నవల ఆధారంగా 1978లో విడుదలైన ‘డెత్ ఆన్ ద నైల్’ చిత్రాన్ని ఎక్కువమంది కథ ఎటు తీసుకెళితే అటు వెళుతూ చూస్తారు. చివరి ఘట్టంలో డిటెక్టివ్ హెర్క్యూల్ పాయిరో అసలు విషయం బయటపెట్టగానే ఆశ్చర్యపోయి, అంతటితో ఆ సినిమాను మరిచిపోతారు. అలా చూసినా కాలక్షేపానికి లోటేమీ ఉండదు. కానీ స్క్రీన్‌ప్లే రాసిన ఆంథొనీ షాఫర్, దర్శకుడు జాన్ గిల్లర్మిన్ ఇందులో ప్రేక్షకుణ్ణి మోసం చేయలేదు. పాయిరో తన ముగింపుకు వాడుకున్న ముఖ్యమైన ఆధారాలన్నీ అంతకుముందే మన కళ్ళ ముందు పెట్టారు. కాగితం, కలం పట్టుకుని ఓపికగా కూర్చున్నవారు హత్య చేసినదెవరో ఆయన చెప్పకముందే చెప్పగలరు. అందుకు ఎలా సిద్ధం కావాలో, ఎక్కడ ఆగాలో, ఏది నమ్మాలో, ఏది నమ్మకూడదో ఇక్కడ వివరిస్తాను. సమాధానం మాత్రం ఈ వ్యాసంలో ఎక్కడా ఉండదు.

ముందుగా సరైన చిత్రాన్ని ఎంచుకోవాలి. ఇదే పేరుతో కెనెత్ బ్రానా 2022లో మరో చిత్రం తీశారు. అందులో పాత్రలు చాలావరకు మారినా మూలకథ ఒకటే కాబట్టి, అది చూసి ఉంటే ఈ పోటీలో మీకు ఆడడానికేమీ మిగలదు. ఇంకా చూడకపోతే 1978 చిత్రంతోనే మొదలుపెట్టండి. నటీనటుల పేర్ల కోసమని ఇంటర్నెట్‌లో వెతకవద్దు. ఒక్క వాక్యంలో కథ మొత్తం చెప్పేసే పేజీలు అక్కడ కోకొల్లలు. చిత్రం నిడివి సుమారు 140 నిమిషాలు. మధ్యలో ఆపి, వెనక్కి తిప్పి చూడవలసి వస్తుంది కాబట్టి మూడున్నర గంటలు ఖాళీ ఉంచుకోవడం మంచిది. ఇంగ్లీషు బాగా వచ్చినవారు కూడా సబ్‌టైటిల్స్ పెట్టుకోవాలి. పాయిరోగా నటించిన పీటర్ యూస్టినోవ్ ఫ్రెంచి యాసలో మాట్లాడతారు. అమెరికన్లు, ఒక స్విస్ డాక్టరు, ఒక ఫ్రెంచి పనిమనిషి, నలుగురైదుగురు ఇంగ్లీషువారు ఒకరి మాట మీద మరొకరు మాట్లాడే చోట్ల, అతి ముఖ్యమైన వాక్యమే చెవిని పడకుండా జారిపోతుంది.

తరువాత ప్రయాణికుల పట్టిక తయారు చేసుకోవాలి. ఒక్కొక్కరికి అర పేజీ కేటాయించి, పేరు తెలుగులోనే రాసుకోండి. ఆ పేర్లు మన నోటికి కొత్తవి కాబట్టి సొంత లిపిలో ఉంటేనే చటుక్కున గుర్తుపడతాము. కథకు కేంద్రం లిన్నెట్ రిడ్జ్‌వే అనే కోటీశ్వరురాలు. ఆమె ప్రాణస్నేహితురాలు జాక్వెలిన్ తనకు కాబోయే భర్త సైమన్‌కు ఉద్యోగం ఇప్పించమని వస్తుంది. కొద్దిరోజులకే లిన్నెట్ ఆ సైమన్‌ను పెళ్ళి చేసుకుని హనీమూన్‌కు ఈజిప్టు వెళుతుంది. వెళ్ళిన ప్రతిచోటా జాక్వెలిన్ వారికి ఎదురుపడుతూ ఉంటుంది. ఈ ముగ్గురి చుట్టూ, కర్ణాక్ అనే స్టీమరు మీద, మిగతా ప్రయాణికులు చేరతారు. కర్ణాక్ అన్నది స్టీమరు పేరే కాక వారు చూడడానికి దిగిన ఆలయం పేరు కూడా కాబట్టి, రాసుకునేటప్పుడు ఏది పడవో ఏది గుడో తేడా తెలిసేలా రాయండి.

ప్రతి పేరు కిందా మూడు విషయాలు వస్తూ ఉండాలి. లిన్నెట్‌తో ఆ మనిషికి ఉన్న సంబంధం ఏమిటి, ఆమె చనిపోతే ఆ మనిషికి కలిగే లాభం లేదా తీరే కసి ఏమిటి, హత్య జరిగిన రాత్రి ఆ మనిషి ఎక్కడ ఉన్నట్టు మనం చూశాము. ఉదాహరణకు, ఏంజెలా లాన్స్‌బరీ నటించిన సలోమీ ఆటర్‌బర్న్ శృంగార నవలలు రాసే రచయిత్రి. తన నవలలో పరువు తీశారంటూ లిన్నెట్ ఆమెపై దావా వేసింది. మాగీ స్మిత్ నటించిన మిస్ బోవర్స్, మిసెస్ వాన్ షూలర్ అనే ధనిక వృద్ధురాలికి తోడుగా వచ్చిన నర్సు. బోవర్స్ కుటుంబం ఆస్తంతా పోగొట్టుకోవడానికి లిన్నెట్ తండ్రి కారణం. ఈ రెండూ మాటల మధ్యలో, ఏదో కబురు చెప్పుకుంటున్నట్టు వచ్చి వెళ్ళిపోయే సంగతులు. మిగతావారివి మీరే పట్టుకోవాలి. త్వరలోనే ఒక విషయం తెలిసివస్తుంది: పడవ మీద లిన్నెట్ అంటే గిట్టనివారే ఎక్కువ. అందువల్ల కారణం ఉందన్నంత మాత్రాన ఎవరినీ నేరస్థుల కింద జమకట్టలేము. రెండవ విషయానికి అందరికీ సమాధానం దొరుకుతుంది కాబట్టి, అసలు బరువు మూడవదాని మీదే పడుతుంది.

తారలను చూసి ఊహించే అలవాటును ఇక్కడ పూర్తిగా మానుకోవాలి. మామూలు హత్యారహస్య చిత్రాల్లో చిన్నాచితకా నటుల మధ్య ఒక పేరున్న నటుడు పనిలేని పాత్రలో కనబడితే, నేరం ఆయనదే అయి ఉంటుందని ప్రేక్షకులు ఇట్టే పసిగడతారు. నిర్మాతలు జాన్ బ్రేబర్న్, రిచర్డ్ గుడ్‌విన్ దీనికి విరుగుడు కనిపెట్టారు. 1974లో ‘మర్డర్ ఆన్ ద ఓరియెంట్ ఎక్స్‌ప్రెస్’ చిత్రంలో ప్రతి పాత్రకూ ఒక తారను తెచ్చి విజయం సాధించి, ఇక్కడా అదే పాటించారు. బెట్టీ డేవిస్, డేవిడ్ నివెన్, మియా ఫారో, జార్జ్ కెనడీ, జాక్ వార్డెన్, ఒలీవియా హస్సీ, జేన్ బర్కిన్ వంటివారంతా ఒకే పడవ ఎక్కినప్పుడు, ఎవరి ముఖం చూసి ఎవరిని అనుమానించాలి? హాలీవుడ్ పాత తరంతో పెద్దగా పరిచయం లేని తెలుగు ప్రేక్షకుడికి ఇది నిజానికి మేలు చేస్తుంది, ఎందుకంటే అతడు నటులను కాక పాత్రలనే చూస్తాడు.

హత్య చాలాసేపటి వరకు జరగదు. ఈ భాగం నెమ్మదిగా ఉందని విసుక్కుంటూ ముందుకు తిప్పేవారు ఆధారాల్లో సగం పోగొట్టుకుంటారు. హోటల్లో, ఆలయాల్లో, డెక్ మీద ఎవరు ఎవరి పక్కన నిలబడ్డారో, ఎవరు దేనికేసి కళ్ళప్పగించి చూశారో గమనించండి. బెట్టీ డేవిస్ పాత్ర అయిన మిసెస్ వాన్ షూలర్ లిన్నెట్ మెడలోని ముత్యాల హారాన్ని చూసే చూపు ఒక్కటి చాలు, ఆమె పేజీలో ఒక వాక్యం రాసుకోవడానికి. పడవ రూపం కూడా ఇప్పుడే గీసుకోవాలి. కాబిన్లు ఎటు ఉన్నాయి, అందరూ కూర్చునే సలూన్ ఎటు ఉంది, ఒక చోటి నుంచి మరో చోటికి డెక్ మీదుగా ఎలా వెళ్ళాలి అన్నవి చేతితో గీసిన చిన్న పటంలోకి వచ్చాయంటే, తరువాతి గంట మీకు చాలా సులువవుతుంది.

పడవ ప్రయాణించే దారిని మాత్రం ఆధారంగా తీసుకోకండి. చిత్రంలో ప్రయాణికులు అస్వాన్ హోటల్ నుంచి బయలుదేరి, కర్ణాక్ ఆలయం చూసి, ఆపైన అబూ సింబెల్ చేరతారు. వాస్తవంలో కర్ణాక్ అస్వాన్‌కు ఉత్తరాన చాలా దూరంలో, అబూ సింబెల్ దక్షిణాన ఇంకా ఎక్కువ దూరంలో ఉన్నాయి. మధ్యలో 1902లో కట్టిన ఆనకట్ట నదికి అడ్డంగా ఉంది. పైగా మనకు తెర మీద కనిపించే అబూ సింబెల్ 1930ల నాటి చోట ఉన్నది కాదు. అస్వాన్ పెద్ద ఆనకట్ట జలాశయంలో మునిగిపోకుండా 1964, 1968 మధ్య ఆ ఆలయాన్ని రాళ్ళుగా కోసి, సుమారు 65 మీటర్ల ఎత్తున తిరిగి నిలబెట్టారు. ఇది కథలోని తర్కాన్ని దెబ్బతీసే తప్పు కాదు. మీరు దూరాలు లెక్కగట్టి సమయం వృథా చేసుకోకూడదనే చెబుతున్నాను.

హత్య జరిగే రాత్రే ఈ పోటీకి గుండెకాయ. సలూన్‌లో గొడవ మొదలైన దగ్గర నుంచి మరునాటి ఉదయం లిన్నెట్ కాబిన్‌లో శవమై కనిపించే వరకు ఉన్న భాగాన్ని ఒకసారి ఆపకుండా చూసి, వెంటనే వెనక్కి తిప్పి రెండవసారి చూడండి. ఈ రెండవసారి వరుస మాత్రమే రాసుకోవాలి: ఎవరు ముందు బయటికి వెళ్ళారు, ఎవరు ఎవరితో కలిసి వెళ్ళారు, ఎవరు ఎంతసేపు ఒంటరిగా ఉన్నారు, తుపాకీ ఎవరి చేతి నుంచి ఎక్కడికి జారింది, అది లేదని ఎప్పుడు తెలిసింది. ఇక్కడ ఒక కఠిన నియమం పెట్టుకోవాలి. మీరు కళ్ళారా చూసినదాన్ని ఒక రంగు సిరాతో, ఒక పాత్ర చెప్పగా విన్నదాన్ని మరో రంగు సిరాతో రాయండి. “అతను అక్కడే ఉన్నాడు” అని ఒక పాత్ర చెప్పడం వేరు, అతను అక్కడే ఉండగా మనం చూడడం వేరు. ఈ రెండింటినీ కలిపేసినవారు ఈ చిత్రంలో నూటికి నూరుపాళ్ళు దారి తప్పుతారు.

ఆధారాలను ఎలా తూచాలో ఒక ఉదాహరణ చెబుతాను. దీన్ని చిత్రమే బాహాటంగా చర్చిస్తుంది కాబట్టి దాచవలసిన పని లేదు. శవం పక్కన గోడ మీద రక్తంతో రాసిన ‘జె’ అనే అక్షరం కనిపిస్తుంది. జాక్వెలిన్ పేరులో మొదటి అక్షరం అదే. తలకు తగిలిన గుండుతో లిన్నెట్ ప్రాణం అక్కడికక్కడే పోయి ఉంటే, ఆ అక్షరం రాసింది లిన్నెట్ కాదు. అయితే రాసింది ఎవరు? అంతకంటే ముఖ్యంగా, చూడగానే అబద్ధమని తేలిపోయే ఆధారాన్ని అక్కడ పెట్టడం వల్ల ఎవరికి మేలు జరుగుతుంది? దొరికిన ప్రతి వస్తువునూ ఇలాగే ప్రశ్నించాలి. ఇది ఇక్కడ ఎందుకు ఉంది, దీని పని దీనికంటే సులువుగా జరిగే మార్గం ఉండగా ఇలా ఎందుకు చేశారు, ఉండవలసినది ఏదైనా ఇక్కడ లేకుండా పోయిందా? తరువాత నది నుంచి పైకి తీసిన మూట విషయంలో ఈ ప్రశ్నలు తప్పకుండా వేసుకోండి; ఎందుకు పారేశారన్న ప్రశ్నతోపాటు, అలా ఎందుకు చుట్టి పారేశారన్న ప్రశ్న కూడా రాసుకోండి.

పాయిరో, ఆయన మిత్రుడు కల్నల్ రేస్ విచారణ మొదలుపెట్టాక, ఈ చిత్రానికే ప్రత్యేకమైన ఒక పద్ధతి ఎదురవుతుంది. ఒక్కొక్క ప్రయాణికుడితో మాట్లాడుతూ, ఈ నేరం మీరు ఇలా చేసి ఉండవచ్చు కదా అని పాయిరో వివరిస్తుంటే, ఆ ఊహను తెర మీద నిజంగా జరిగినట్టే చూపిస్తారు: ఆ మనిషే తుపాకీ తీసుకుని, కాబిన్‌లోకి నడిచి, పేల్చినట్టు. ఈ సన్నివేశాలు జరిగిన సంగతులు కావు. అలాగని పనికిరానివీ కావు, ఎందుకంటే వాటిలో కొంత భాగం నిజంగా జరిగినదానితో కలిసి ఉంటుంది. ప్రతి ఊహా సన్నివేశాన్ని మీ రాత్రి వరుసతో పోల్చండి. ఆ మనిషికి అంత సమయం ఉందా, తుపాకీ అందుబాటులో ఉందా, మరెవరి కంటా పడకుండా వెళ్ళగలరా అని చూసి, సరిపోనిదాన్ని కొట్టేయండి. ఇలా కొట్టేస్తూ పోగా అందరూ కొట్టుబడిపోయినట్టు అనిపించే దశ ఒకటి వస్తుంది. అక్కడ కంగారు పడవద్దు. మీ కాగితంలో ఏదో ఒక వాక్యం, మీరు నిజమని మొదట్లోనే నమ్మి రాసుకున్నది, తప్పయి ఉండాలి. దాన్ని వెతికి పట్టుకోవడమే ఈ పజిల్‌కు తాళంచెవి.

పాయిరో అందరినీ సలూన్‌లోకి పిలిపించగానే చిత్రాన్ని ఆపేయండి. కుటుంబంతోనో మిత్రులతోనో చూస్తున్నట్లయితే, అప్పటిదాకా ఎవరూ తమ అనుమానాన్ని పైకి చెప్పకూడదన్న షరతు ముందే పెట్టుకోవాలి. ఒక్కరు గట్టిగా చెబితే మిగతావారి ఆలోచన అటే వంగిపోతుంది. ఇప్పుడు ప్రతి ఒక్కరూ చీటీ రాయాలి. పేరు ఒక్కటే రాస్తే లెక్కలోకి రాదు. ఎలా చేశారు, ఏ ఆధారం దాన్ని నిరూపిస్తుంది అన్నవి కూడా ఉండాలి. నా ఉద్దేశంలో, పేరు తప్పినా పద్ధతిలో సగం పట్టుకున్నవారికే ఎక్కువ మార్కులు ఇవ్వాలి, ఎందుకంటే పేరును అదృష్టం కొద్దీ ఎవరైనా చెప్పవచ్చు.

సమాధానం తెలిశాక కొద్దిరోజులాగి రెండవసారి చూడండి. మొదటిసారి ఆధారాల వేటలో కంటికి ఆనని పనితనం ఇప్పుడు కనబడుతుంది. ఛాయాగ్రాహకుడు జాక్ కార్డిఫ్ ఎడారి వెలుగును ఈజిప్టులోనే పట్టుకున్నారు. పడవ కూడా నైలు మీద నడిచిన మెమ్నన్ అనే నిజమైన స్టీమరే. సంగీతం నీనో రోటాది. దుస్తులకు గాను ఆంథొనీ పావెల్‌కు ఆస్కార్ అవార్డు దక్కింది. మిసెస్ వాన్ షూలర్ నగలు, అలంకరణ పక్కన మిస్ బోవర్స్ మగవారి తరహా సూటు నిలబడిన తీరు చూస్తే, ఆ ఇద్దరి మధ్య ఏళ్ళ తరబడి నలిగిన అధికారమూ విసుగూ మాటలతో పని లేకుండా అర్థమవుతాయి. పడవ మేనేజరుగా వేసిన ఐ.ఎస్. జోహర్ మన హిందీ చిత్రాల నటుడు, ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’లో గాసిమ్‌గా కనిపించినవారు. ఆయన ఇంగ్లీషును నవ్వులాటకు వాడుకోవడం నాకు నచ్చదు. అయినా దొరకిన కొద్ది నిమిషాల్లో ఆయన చూపిన వేగాన్ని, కంగారును మెచ్చుకోకుండా ఉండలేము. ఇక నేరం చేసినవారి ముఖాన్ని మొదటి సన్నివేశం నుంచి గమనిస్తూ రండి. ఒకే చూపు, ఒకే మాట మొదటిసారి ఒక అర్థాన్నీ, ఇప్పుడు మరో అర్థాన్నీ ఇస్తాయి. రెండు అర్థాలకూ సరిపోయేలా నటించడం ఎంత కష్టమో అప్పుడు తెలుస్తుంది.

నవల చదవాలనుకునేవారు దాన్ని ఆఖరుకు ఉంచుకోవాలని నా సలహా. సినిమాలో లేని ప్రయాణికులు అందులో ఉన్నారు. ఆలర్టన్ తల్లీకొడుకులు, కోర్నీలియా రాబ్సన్ వంటివారిని షాఫర్ పూర్తిగా తొలగించారు, వారు మోసిన అనుమానాల్లో కొన్నింటిని ఉన్నవారికే పంచారు. చదువుతూ మీ పాత పట్టికను పక్కన పెట్టుకుని, ఏ ఆధారం ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారిందో గుర్తు పెట్టుకుంటూ వెళ్ళండి. 2022 చిత్రాన్ని ఆ తరువాత చూడవచ్చు. అందులో సలోమీ రచయిత్రి కాదు, జాజ్ గాయని. లిన్నెట్ ఆస్తి వ్యవహారాలు చూసే మనిషి అలీ ఫజల్ నటించిన ఆమె బంధువు. ఇన్ని మార్పుల మధ్య కూడా హత్య జరిగే రాత్రి వరుసను మాత్రం మళ్ళీ రాసుకుని, మీ మొదటి కాగితంతో పోల్చి చూడండి.