పందుల దగ్గు: అసలు గుట్టు పరదాల్లో ఉంది

పోయిన డిసెంబరులో మా షెడ్డులో మూడు నెలల పంది పిల్లలకు దగ్గు పట్టుకుంది. పొద్దున్నే లేపగానే ఖళ్ళుఖళ్ళుమనేవి. ఒకటైతే మేత ముట్టకుండా కుక్కలా కూర్చుని, డొక్కలెగరేస్తూ ఊపిరి తీస్తోంది. జ్వరం 106 డిగ్రీలు. మామూలుగా 102-103 ఉండాలి.

మందుల షాపులో ఇచ్చిన ఇంజెక్షన్ రెండు రోజులు వేసి, తేరుకున్నాయని ఆపేశాను. అదే నా తప్పు. తిరగబెట్టింది, ఒకటి చచ్చిపోయింది. పశువుల డాక్టరు గారు కోసి చూపించారు: ఊపిరితిత్తుల ముందు భాగం కార్జంలా ఎర్రగా గట్టిపడిపోయింది. బాక్టీరియా న్యుమోనియా అన్నారు. పందులకు సోకే ప్రాణాంతక వైరస్ జబ్బు స్వైన్ ఫీవర్ కాదని తేల్చుకోవడానికి శాంపిల్ ల్యాబుకు పంపారు.

ఆయన రాసిన యాంటీబయాటిక్‌ని బరువు చూసి, ఐదు రోజులూ వేశాం. జబ్బువాటిని విడిగా కట్టడి చేశాం.

కానీ చలికి భయపడి నాలుగు వైపులా గోనెపట్టాలు దించేసింది నేనే. లోపల ఉచ్చ ఘాటుకు కళ్ళు మండేవి. "ఓ గంట నువ్వే కూర్చోవయ్యా ఇందులో!" అన్నారాయన. పైన అడుగున్నర వదిలి గాలాడనిచ్చాను, కింద పొడి గడ్డి పరిచాను, కిక్కిరిసిన గదిలోంచి కొన్నిటిని మార్చాను. పది రోజులకు దగ్గు సద్దుమణిగింది.

మందు వేసినవాటిని మాంసంలోంచి మందు పోవడానికి డాక్టరు గారు చెప్పిన గడువు తీరేదాకా కోతకు ఇవ్వలేదు, బేరగాడు ఎంత తొందరపెట్టినా.