చెత్త బండి తీసుకోని సామాన్లను ఏం చేయాలి?

విజయవాడలో ఏలూరు, రైవస్, బందరు కాలువల గట్లమీద కనిపించే చెత్తలో ఎక్కువ ఇబ్బంది పెట్టేవి కూరగాయల తొక్కలు కావు. ఉదయం వచ్చే బండి సాధారణంగా తీసుకోని పాత పరుపులు, ఇటుక ముక్కలు, విరిగిన కమోడ్లు, అద్దం పగిలిన దేవుడి పటాలు అక్కడికి చేరుతుంటాయి. అందువల్ల ఇంట్లో ఏది ఎటు వెళ్లాలో ముందే నిర్ణయించుకోవడం అవసరం.

రోజువారీ చెత్త సంగతి తేలికే. తడి, పొడి, హానికర వ్యర్థాలను ఇంట్లోనే వేరుచేసి ఇవ్వడం 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాల నుంచే ఇంటివారి బాధ్యతగా ఉంది. డైపర్లు, ప్యాడ్లను కాగితంలో చుట్టి విడిగా ఇవ్వాలి. పగిలిన గాజును అట్టపెట్టెలో పెట్టి, పైన పెద్ద అక్షరాలతో రాస్తే కార్మికుల చేతులు తెగవు. పాత రకం (ఎల్‌ఈడీ కాని) ట్యూబ్‌లైట్లలో పాదరసం ఉంటుంది కనుక వాటిని పగలగొట్టకుండా హానికర వ్యర్థాలతోనే ఇవ్వాలి.

అసలు చిక్కు ఇంటి మరమ్మతులతో వస్తుంది. పని మొదలుపెట్టకముందే శిథిలాలను ఎక్కడ పోస్తారో మేస్త్రీతో తేల్చుకుని, ఆ ఖర్చును కూలి బేరంలోనే కలపాలి. “మేం చూసుకుంటాంలెండి” అన్న మాటతో తృప్తిపడితే, ఆ ట్రాక్టరు రాత్రికి ఏ కాలువ గట్టుకో చేరవచ్చు. పల్లపు స్థలం మెరక చేసుకునేవారు ఎవరైనా ఉంటే యజమాని అనుమతితో అక్కడికి పంపవచ్చు. లేకుంటే వార్డు సచివాలయంలోని పారిశుద్ధ్య కార్యదర్శిని సంప్రదించి, నగరపాలక సంస్థ సూచించే చోటికే తరలించాలి. ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలలో గోనె సంచులు, ప్లాస్టిక్ కలపకూడదు. ఇనుప చువ్వలు ఎలాగూ పాత ఇనుప కొట్టువారు కొంటారు.

దూది పరుపునైతే ఏకించి మళ్లీ కుట్టించుకోవచ్చు, ఫోము పరుపుకు ఆ వీలు లేదు. కొత్తది కొనేటప్పుడే పాతదాన్ని తీసుకువెళ్లమని దుకాణదారుని అడగడం మేలు.

పూజా నిర్మాల్యాన్ని ప్లాస్టిక్ కవరుతో సహా కాలువలోకి విసరడం ఏ ఆచారమూ కాదని నా అభిప్రాయం. పూలు, పత్రి కుండీ మట్టిలో ఎరువవుతాయి. పటాలకైతే చెక్క, గాజు, కాగితం విడదీయాలి.

ఎవరైనా చెత్త పారబోస్తూ కనిపిస్తే వాదనకు దిగకుండా, దూరం నుంచే ఫొటో తీసి, స్థలం, సమయం, వాహనం నంబరుతో సచివాలయంలో ఫిర్యాదు చేసి, ఫిర్యాదు సంఖ్య తీసుకోవాలి.